మ్యాడెన్ కొనాలా, కాలేజ్ ఫుట్‌బాల్ కొనాలా?

అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది గ్రాఫిక్స్ గురించే. నన్నడిగితే అది ఆఖరున చూసుకోవాల్సిన సంగతి. ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీ ఇంట్లో టీవీలో ఫుట్‌బాల్ నడిచేది శనివారమా, ఆదివారమా? శనివారం కాలేజీ జట్లది, ఆదివారం ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌ది. ప్లేస్టేషన్ 5 మీదో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లేదా సిరీస్ ఎస్ మీదో అసలు జట్ల పేర్లతో, అసలు ఆటగాళ్లతో ఆడాలంటే ఇప్పుడున్న పెద్ద గేములు రెండే. ఒకటి మ్యాడెన్ ఎన్ఎఫ్ఎల్, రెండోది ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్. రెండూ ఈఏ అనే ఒకే కంపెనీవి, కొత్తవైతే ఒక్కోటి 70 డాలర్లు. పైపైన చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ కొన్ని వారాలు ఆడేసరికి రెండింటి స్వభావం వేరని అర్థమవుతుంది. 2025లో వచ్చిన 26 ఎడిషన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అవసరమైన చోట వాటి ముందరి 25 ఎడిషన్ల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే చాలామందికి అవే సరిపోతాయి.

రెండూ ఒకే కంపెనీవి ఎందుకయ్యాయి?

2004 దాకా ఈ రంగంలో గట్టి పోటీ ఉండేది. ఆ ఏడాది వేసవిలో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్‌లకు ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కే5 అనే గేమ్ 20 డాలర్లకే వచ్చింది. మ్యాడెన్ ధర అప్పుడు 50 డాలర్లు. ఈఏ ఆ సీజన్లోనే తన ధరను 30కి దించుకోవాల్సి వచ్చింది. అదే డిసెంబరులో ఈఏ వెళ్లి ఎన్ఎఫ్ఎల్‌తో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. అప్పట్నుంచి ఎన్ఎఫ్ఎల్ జట్ల పేర్లు పెట్టుకుని 11 మందికి 11 మంది ఆడే నిఖార్సైన సిమ్యులేషన్ గేమ్ ఇంకో పెద్ద కంపెనీ తేలేదు. 2కే5ని ఇప్పటికీ ప్రేమగా తలుచుకునే ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. పోటీ ఉన్నప్పుడు ధర ఎంత దిగుతుందో, పని ఎంత బాగుంటుందో వాళ్లు కళ్లారా చూశారు.

కొనేవాళ్లకు ఈ చరిత్ర ఎందుకంటే, పోటీ లేని చోట ఏటేటా వచ్చే మార్పులు చిన్నవే ఉంటాయి. కొత్త మ్యాడెన్‌కీ నిరుటి మ్యాడెన్‌కీ ఉన్న తేడా 70 డాలర్ల తేడా అని నాకెప్పుడూ అనిపించలేదు. మూడేళ్లకోసారి కొనేవాళ్లకు మాత్రం మార్పు బాగా కనిపిస్తుంది.

కాలేజ్ గేమ్ కథ వేరు. ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 అనే గేమ్ 2013 జులైలో వచ్చాక ఆ సిరీస్ ఆగిపోయింది. ఆ పాత గేముల్లో ఆటగాళ్ల పేర్లు ఉండేవి కావు. జెర్సీ నంబరు, ఎత్తు, బరువు మాత్రం నిజం కుర్రాళ్లవే, కానీ వాళ్లకు పైసా ముట్టేది కాదు. యూసీఎల్ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఒబానన్ 2009లో దీని మీద కేసు వేశాడు. సిరీస్ మూతపడటానికి ఆ వ్యాజ్యాలే ప్రధాన కారణం. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, తమ రూపం మీద డబ్బు సంపాదించుకునే వీలు వచ్చింది. ఆ తర్వాతే 2024 జులైలో కాలేజ్ ఫుట్‌బాల్ 25 బయటికొచ్చింది. అందులో తమ పేరు వాడుకోవడానికి ఒప్పుకున్న ప్రతి ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. 10 వేల మందికి పైగా ఒప్పుకున్నారు. ఆ పని ఎప్పుడో జరగాల్సింది. పదకొండేళ్లు ఆగి వచ్చిన గేమ్ కాబట్టి దాన్ని చేసినవాళ్ల శ్రద్ధ అడుగడుగునా కనిపిస్తుంది. ఒక్కో యూనివర్సిటీ బ్యాండ్ పాట, మైదానంలోకి జట్టు పరుగెత్తుకొచ్చే తీరు, మస్కట్ జంతువు దాకా పట్టి పట్టి చేశారు.

ముందు మీ కన్సోల్ ఏదో చూసుకోండి

ఎంపిక ఇక్కడే తేలిపోయే ఇళ్లు కొన్ని ఉంటాయి. మీ దగ్గర ఇంకా ప్లేస్టేషన్ 4 గానీ ఎక్స్‌బాక్స్ వన్ గానీ ఉంటే కాలేజ్ ఫుట్‌బాల్ మీకు అందదు, అది వాటికి రాలేదు. మ్యాడెన్ కూడా 25 తర్వాత ఆ పాత కన్సోళ్లను వదిలేసింది. మ్యాడెన్ 26 నింటెండో స్విచ్ 2కి వచ్చింది. 2012 నాటి మ్యాడెన్ 13 తర్వాత నింటెండో మీద ఈ సిరీస్ కనిపించడం ఇదే మొదటిసారి. కాలేజ్ గేమ్ స్విచ్ 2కి లేదు. కాబట్టి కారులోనో విమానంలోనో ఆడుకోవాలనుకునే పిల్లలున్న ఇంటికి ఈ రెండింటిలో మ్యాడెన్ ఒక్కటే దారి.

ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మధ్య ఆటలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ స్నేహితులు ఏ కన్సోల్ మీద ఉన్నారన్నది ముఖ్యం. కన్సోల్ వేరైనా ఆన్‌లైన్లో ఎదురెదురుగా ఆడొచ్చు. అయితే కాలేజ్ ఫుట్‌బాల్ 25లో ఒక జట్టును సీజన్ల తరబడి నడిపే డైనస్టీ మోడ్‌కు మాత్రం ఆ వీలు లేదు, అందరూ ఒకే రకం కన్సోల్ మీద ఉండాల్సిందే. 26లో ఆ అడ్డు తీసేశారు. నలుగురు స్నేహితులు కలిసి ఏళ్ల తరబడి నడిచే లీగ్ పెట్టుకోవాలనుకుంటే, 25 బదులు 26 కొనడానికి నాకు కనిపించే అతి బలమైన కారణం ఇదే. ఆన్‌లైన్ ఆటకు ప్లేస్టేషన్లో ప్లస్ చందా, ఎక్స్‌బాక్స్‌లో గేమ్ పాస్ చందా విడిగా కట్టాలన్న సంగతి బడ్జెట్లో మర్చిపోవద్దు.

మైదానంలో దిగాక

ఈ భాగం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే రెండు గేముల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది.

మైదానం మధ్యలో రెండు వరుసల్లో చిన్న గీతలుంటాయి. వాటిని హ్యాష్ మార్కులు అంటారు. ప్రతి ప్లే వాటి మీదనో, వాటి మధ్యనో మొదలవ్వాలి. ఎన్ఎఫ్ఎల్‌లో ఆ రెండు వరుసల మధ్య దూరం పద్దెనిమిదిన్నర అడుగులు. కాలేజీ మైదానంలో 40 అడుగులు. వినడానికి చిన్న కొలతే. కానీ కాలేజీ ఆటలో బంతి ఎడమ హ్యాష్ మీద ఉందంటే కుడివైపు బోలెడంత ఖాళీ నేల ఉంటుంది. కాళ్లలో వేగమున్న క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపే, పాస్‌లు విసిరే ఆటగాడు, ఆ వైపుకు పరుగు తీస్తే డిఫెన్స్‌కు టెన్షన్ మొదలవుతుంది. కాలేజ్ ఫుట్‌బాల్లో ఆప్షన్ ప్లేలు అంత బాగా పండటానికి ఈ వెడల్పు పెద్ద కారణం. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) పొట్ట దగ్గర పెట్టి, ఎదుటి జట్టు అంచున కాపుకాసే డిఫెన్సివ్ ఎండ్ ఎటు కదులుతాడో చూసి, ఇచ్చేయడమో తనే ఉంచుకుని పరుగెత్తడమో ఆ అరక్షణంలో తేల్చుకోవాలి. బటన్ వదలడమా, పట్టి ఉంచడమా అన్నదాని మీద మొత్తం ప్లే ఆధారపడుతుంది. అది సరిగ్గా కుదిరినప్పుడు కలిగే ఆనందం మ్యాడెన్‌లో నాకు ఆ మోతాదులో దొరకలేదు.

మ్యాడెన్‌లో మైదానం ఇరుకుగా అనిపిస్తుంది. డిఫెన్స్ వాళ్లంతా నిపుణులు, తప్పులు తక్కువ చేస్తారు. ఇక్కడ గెలుపు స్నాప్‌కు, అంటే బంతి ఆటలోకి రావడానికి, ముందే సగం తేలిపోతుంది. అందరికన్నా వెనక కాపుకాసే సేఫ్టీలు ఇద్దరూ వెనకే ఉన్నారా, ఒకడు ముందుకు జరిగాడా, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే బ్లిట్జ్ ఎటు నుంచి రావొచ్చు అన్నది చదివి, అవసరమైతే అక్కడికక్కడే ప్లే మార్చాలి. దాన్ని ఆడిబుల్ అంటారు. క్రికెట్లో బ్యాట్స్‌మన్ నిలబడిన తీరు చూసి కెప్టెన్ ఫీల్డింగ్ సర్దినట్టే ఇదీను. ఈ ఆలోచన నచ్చేవాళ్లకు మ్యాడెన్ ఏళ్ల తరబడి ఆడినా విసుగు పుట్టదు. 26లో క్వార్టర్‌బ్యాక్‌ల స్వభావాలు విడివిడిగా తెలిసేలా చేశారు. పాట్రిక్ మహోమ్స్, లమార్ జాక్సన్ ఒత్తిడిలో ఒకేలా కదలరు. కంప్యూటర్ నడిపే జట్లలో గతంలో లేని వైవిధ్యం దీనివల్ల వచ్చింది.

నిబంధనల తేడాలు కూడా ఆటను మారుస్తాయి. కాలేజీలో క్యాచ్ పట్టేటప్పుడు ఒక్క పాదం గీత లోపల పడితే చాలు, ఎన్ఎఫ్ఎల్‌లో రెండూ పడాలి. స్కోరు సమమైతే వచ్చే కాలేజీ ఓవర్‌టైమ్‌లో ఇరుజట్లకూ 25 గజాల గీత దగ్గర నుంచి చెరో అవకాశం ఇస్తారు, మూడో విడత నుంచి రెండు పాయింట్ల ప్రయత్నాలు మాత్రమే. ఇద్దరు స్నేహితులు సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆడే ఆటకు ఇంతకన్నా మంచి ముగింపు నాకు తెలియదు.

ఇక జనం హోరు. కాలేజ్ ఫుట్‌బాల్లో పరాయి స్టేడియంలో మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఆడుతుంటే స్క్రీన్ వణుకుతుంది, పాస్ అందుకునే రిసీవర్లు పరుగెత్తాల్సిన గీతలు వంకరపోతాయి, అనుభవం లేని ఆటగాడు అయోమయంలో పడతాడు. 25లో ఈ విషయంలో మొదటి స్థానం టెక్సస్ ఎ అండ్ ఎం వాళ్ల కైల్ ఫీల్డ్‌కు ఇచ్చారు. లక్ష మందికి పైగా పట్టే ఆ స్టేడియం ఉన్న కాలేజ్ స్టేషన్ ఊళ్లో చదువుకున్న తెలుగు పిల్లలకు ఆ హోరు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆటే కొత్త అనుకుంటే? నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు అన్న సూత్రం దగ్గరే ఆగిపోయినవాళ్లకు నేను మ్యాడెనే చెబుతాను. 32 జట్లే ఉంటాయి, అవే పేర్లు ప్రతి ఆదివారం టీవీలో వినిపిస్తుంటాయి. స్కిల్స్ ట్రైనర్ అనే విభాగంలో పాస్ వేయడం నుంచి కవరేజీలు గుర్తుపట్టడం దాకా మెల్లగా నేర్పుతుంది. అన్నిటికన్నా తేలికైన రూకీ స్థాయి పెట్టుకుని, క్వార్టర్ నిడివి తగ్గించుకుని, కోచ్ సూచించిన ప్లేలే ఆడుతూ పోతే కొద్దికాలంలోనే టీవీలో మ్యాచ్ చూసే కళ్లు మారతాయి. ఫ్రిస్కోలో స్థిరపడి, పక్కనే డాలస్ కౌబాయ్స్ జట్టు కార్యాలయం ఉన్నా ఇన్నాళ్లూ ఆ ఆట జోలికి పోని మన పెద్దవాళ్లకు కూడా పిల్లలతో కూర్చుని నేర్చుకోవడానికి ఇది మంచి మార్గం.

ఒంటరిగా, ఏళ్ల తరబడి ఆడేవాళ్లకు

మ్యాడెన్‌లో ఫ్రాంచైజ్, కాలేజ్ ఫుట్‌బాల్లో డైనస్టీ. రెండింటిలోనూ ఒక జట్టును తీసుకుని సీజన్ తర్వాత సీజన్ నడిపించాలి. ఫ్రాంచైజ్‌లో జీతాల పరిమితి, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్, కాంట్రాక్టులు చూసుకోవాలి. అంకెలతో కుస్తీ పట్టడం ఇష్టమైనవాళ్లకు అది బాగుంటుంది. కానీ ఈ పోలికలో నా ఓటు నిస్సందేహంగా డైనస్టీకే.

కారణం రిక్రూటింగ్. చిన్న యూనివర్సిటీలో కోఆర్డినేటర్‌గా, అంటే హెడ్ కోచ్ కింది కోచ్‌గా, మొదలుపెట్టొచ్చు. హైస్కూల్ కుర్రాళ్లను వెతకాలి, వాళ్లకు ఏది ముఖ్యమో కనిపెట్టాలి. ఒకడికి ఇంటికి దగ్గరగా ఉండాలి, ఇంకొకడికి మొదటి ఏడాదే ఆడే అవకాశం కావాలి. వారానికి ఉన్న కొద్ది గంటలను ఎవరి మీద పెట్టాలో తేల్చుకోవాలి. మూడేళ్లు మీరు పెంచిన కుర్రాడు కాలేజీ మారేవాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్లోకి వెళ్లి పెద్ద జట్టుకు పోతే నిజంగానే మనసు చివుక్కుమంటుంది. 30 సీజన్ల దాకా ఆడొచ్చు, ఆన్‌లైన్లో 32 మంది దాకా కలిసి నడపొచ్చు. 26లో 300 మందికి పైగా అసలు కోచ్‌లు కూడా వచ్చారు.

మన వాళ్ల ఇళ్లకు ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. తమ్ముడు చదివే యూనివర్సిటీ ఉంటుందనుకుని గేమ్ కొనేముందు ఒకసారి చూసుకోండి. ఇందులో ఉన్నవి ఎఫ్‌బీఎస్ అనే పై అంచె జట్లు మాత్రమే, 26లో 136 ఉన్నాయి. డెంటన్‌లోని నార్త్ టెక్సస్ ఉంది, అరిజోనా స్టేట్, హ్యూస్టన్, సిన్సినాటి, షార్లట్ ఉన్నాయి. తెలుగు విద్యార్థులు వేల సంఖ్యలో చదివిన యూటీ డాలస్ లేదు, దానికి ఫుట్‌బాల్ జట్టే లేదు. యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్‌తో జట్టును ఎత్తేసింది. సెంట్రల్ మిస్సోరీ, నార్త్‌వెస్ట్ మిస్సోరీ జట్లు డివిజన్ 2లో ఆడతాయి కాబట్టి అవీ లేవు. దీనికి టీమ్ బిల్డర్ అనే మంచి మార్గముంది. వెబ్‌సైట్లో మీ యూనివర్సిటీ రంగులతో జెర్సీలు, లోగో తయారుచేసుకుని ఆ జట్టును డైనస్టీలో ఒక అసలు జట్టు స్థానంలో పెట్టుకోవచ్చు. లేని జట్టును సృష్టించి జాతీయ ఛాంపియన్‌షిప్ దాకా తీసుకెళ్లడం ఎంత బాగుంటుందో ఆడితేనే తెలుస్తుంది.

అల్టిమేట్ టీమ్ దగ్గర జాగ్రత్త

ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. రెండు గేముల్లోనూ అల్టిమేట్ టీమ్ అనే మోడ్ ఉంది. ఆటగాళ్ల కార్డులు పోగుచేసి జట్టు కట్టాలి. కార్డులు ప్యాకెట్లలో వస్తాయి, లోపల ఎవరున్నారో ముందు తెలియదు, ప్యాకెట్లను అసలు డబ్బుతో కొనొచ్చు. మ్యాడెన్ డబ్బా మీద అన్ని వయసులవారికీ అనే ఇ రేటింగ్ ఉంటుంది. దాని దగ్గరే యాదృచ్ఛిక వస్తువుల కొనుగోళ్లు ఉన్నాయన్న హెచ్చరిక కూడా ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు మొదటిది చూసి రెండోది చదవరు. ఏడాది తిరిగి కొత్త ఎడిషన్ వస్తే మళ్లీ మొదటి నుంచి జట్టు కట్టుకోవాలి, నిరుడు డబ్బు పోసి కొన్న కార్డులు అందులోకి రావు. పదేళ్ల పిల్లవాడికి ఈ లెక్క అర్థం కాదు. గేమ్ పెట్టిన రోజే కన్సోల్‌లో పిల్లల ఖాతా వేరుగా తెరిచి, ఖర్చు పరిమితిని సున్నా చేయండి. డబ్బు పెట్టకుండా కూడా ఆ మోడ్ ఆడొచ్చు, కాకపోతే ఆన్‌లైన్లో డబ్బు పోసినవాళ్ల చేతిలో ఓడిపోతూ ఉండాలి. ఫ్రాంచైజ్, డైనస్టీ మోడ్‌లలో ఈ కార్డుల ప్యాకెట్ల బెడద లేదు. నేను ఎవరికి సలహా చెప్పినా వాటికే చెబుతాను.

చిన్న గేముల సంగతి

70 డాలర్లు ఎందుకనుకుంటే స్విచ్ మీద రెట్రో బౌల్ ఉంది, 5 డాలర్లు. పాతకాలం పిక్సెల్ బొమ్మలు, మీరు ఆడేది అటాక్ ఒక్కటే, డిఫెన్స్ దానంతటదే జరిగిపోతుంది. ఒక మ్యాచ్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. బస్సు కోసం ఎదురుచూస్తూ ఆడే గేముల్లో దీనికి సాటి తక్కువ. జట్ల అసలు పేర్లు అక్కర్లేదు, మేనేజ్‌మెంట్ చాలు అనుకునేవాళ్లకు యాక్సిస్ ఫుట్‌బాల్ ఉంది, కదలికలు మోటుగా ఉంటాయి. ఏడుగురితో ఏడుగురు ఆడే వైల్డ్ కార్డ్ ఫుట్‌బాల్ 2023లో వచ్చింది, పిల్లలు ఒకటి రెండు వారాలు ఆడి పక్కన పెట్టేస్తారు.

ఎవరు ఏది కొనాలి?

ఇంట్లో ఆదివారం ఎన్ఎఫ్ఎల్ చూస్తూ ఆట నేర్చుకుంటున్నవాళ్లయితే మ్యాడెన్ తీసుకోండి, అదీ నిరుటిది. డిస్కు డ్రైవ్ ఉన్న కన్సోల్ అయితే పాత డిస్కు చాలా తక్కువకు దొరుకుతుంది. ఆటగాళ్ల జాబితా ఏడాది వెనకబడి ఉంటుంది, నేర్చుకునేవాళ్లకు అది అడ్డు కాదు. మరీ పాతదైతే మాత్రం ఆన్‌లైన్ సర్వర్లు మూసేసి ఉండొచ్చు, ఒంటరిగా ఆడుకోవడానికే పనికొస్తుంది.

అమెరికాలో చదివి, ఆ యూనివర్సిటీ జెర్సీ ఇంకా బీరువాలో ఉన్నవాళ్లయితే ఆలోచించక్కర్లేదు, కాలేజ్ ఫుట్‌బాల్. ఒక్కరే ఆడతారా, 25 సరిపోతుంది. వేర్వేరు కన్సోళ్ల మీదున్న పాత రూమ్మేట్లతో డైనస్టీ పెట్టాలా, 26 కొనండి. రెండూ కలిపి అమ్మే బండిల్ చూసి తొందరపడొద్దు. రెండు పెద్ద గేములను ఒకే సీజన్లో తనివితీరా ఆడేంత తీరిక ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు ఉండదు. ఒకటి కొని పూర్తిగా ఆడండి.

పూర్తి ధర పెట్టే ముందు ఈఏ ప్లే చందా ఒక నెలకు తీసుకోండి, దాదాపు 6 డాలర్లు. గేమ్ పాస్ అల్టిమేట్ ఉంటే అది అందులోనే వస్తుంది. కొత్త గేములను 10 గంటల దాకా ఆడి చూడనిస్తారు. ఆ 10 గంటలనూ మెనూలు తిరగేయడంలో, అల్టిమేట్ టీమ్ పరిచయ పాఠాల్లో పోగొట్టుకోకండి. ముందు ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు మూడు మ్యాచులు ఆడండి, తర్వాత ఫ్రాంచైజో డైనస్టీయో ఒక సీజన్ మొదలుపెట్టండి. గేమ్ కొంటే ఆ సీజన్ ఎక్కడ ఆపారో అక్కడి నుంచే కొనసాగుతుంది. మ్యాడెన్ విషయంలో ఇంకో మాట. సీజన్ చివరికొచ్చి ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దగ్గరపడే రోజులకు అది సాధారణంగా ఈఏ ప్లే జాబితాలోకే చేరుతుంది, కాబట్టి ఆగస్టులో కొనకుండా ఓపిక పట్టగలిగితే విడిగా కొనాల్సిన అవసరమే రాకపోవచ్చు.